గోదావరి నుంచి వెళ్ళి యమున వేషం కట్టాను

ఢిల్లీలో ఆరు రోజులున్నాను. ఎర్రకోట గోడ కూడా చూడలేదు. కుతుబ్ మినార్ ఏ దిక్కున ఉందో ఇప్పటికీ చెప్పలేను. ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో ఒక పార్కు ఉంది, అందులో ఏ బెంచీ మీదకి ఎన్నింటికి ఎండ వస్తుందో మాత్రం అడగండి, చెబుతాను. తిరిగొచ్చి మూడు వారాలైంది. మొన్న పప్పు తాలింపు వేస్తూ ఏదో గుర్తొచ్చి ఒక్కదాన్నే పకపకా నవ్వితే, పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "ఒంట్లో బాగానే ఉందా సుభద్రా" అని అడిగింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నరసాపురంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా హైస్కూలు పిల్లలకి హిందీ చెబుతున్నాను. అన్నేళ్ళలో హిందీ మాట్లాడే ఊరికి ఒక్కసారీ వెళ్ళలేదు. నా హిందీ పరీక్షలు రాసి నేర్చుకున్నది, నల్లబల్ల మీద రాసి నేర్పినది. నేను హిందీలో ఒక మాటంటే ఎదుటి మనిషి హిందీలో బదులు చెప్పడం వేళ్ళ మీద లెక్కపెట్టినన్ని సార్లు జరిగి ఉంటుంది. నాకు వచ్చింది నిజంగా ఒక భాషేనా అని లోపలొక బెరుకు. ఎవరితోనూ అనలేదు. హిందీ టీచరు ఆ మాట ఎవరితో అంటుంది?

పావని నా దగ్గర చదువుకున్న పిల్ల. పదో తరగతిలో హిందీ ముక్కుతూ మూలుగుతూ గట్టెక్కింది. ఇప్పుడు వైశాలిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. తీరిక దొరికితే చిన్న నాటక బృందం నడుపుతోంది, అదీ హిందీలో! బృందం పేరు తిర్పాల్. అంటే టార్పాలిన్ పట్టా. వాళ్ళకున్న స్టేజీ అదొక్కటే. పార్కులోనో సంతలోనో పట్టా పరిచి, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళకే వేషాలిచ్చి ఆడతారు.

"మా నాటకం చూడ్డానికి రండి టీచరు గారండీ, తప్పులుంటే దిద్దుదురు గాని" అని ఫోన్ చేసింది. తప్పులు దిద్దడమంటే నాకు ప్రాణం. డిసెంబరు మొదట్లో సెలవు పెట్టి రైలెక్కాను.

వైశాలి: కదలని రిక్షా

మెట్రో దిగి బయటికొచ్చేసరికి పావని ఇంకా రాలేదు. ఎదురుగా బ్యాటరీ రిక్షాల బారు. ఇదే సమయమని ఒకతని దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, "మహోదయ్, కృపయా ముఝే ఇస్ పతే పర్ పహుఁచా దీజియే" అన్నాను, దయచేసి ఈ చిరునామాకి చేర్చమని.

అతను నన్ను చూశాడు. నా సంచీని చూశాడు. పక్క రిక్షా అతన్ని పిలిచి "అరే, దేఖ్ తో, ఆంటీ క్యా బోల్ రహీ హైఁ?" అన్నాడు, ఆంటీ ఏమంటోందో చూడమని. ఆ పక్కవాడు వచ్చి, చాలా మర్యాదగానే అడిగాడు, "ఆంటీ జీ, ఆప్ కౌన్ సే దేశ్ సే ఆయీ హైఁ?"

ఏ దేశమని చెప్పను! ఇంతలో పావని పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే నా కాళ్ళకి దండం పెట్టి, రిక్షా అతనితో "భయ్యా, మేరా టీచర్ ఆయా హై, సొసైటీ తక్ చలేగా క్యా?" అంది. నన్ను మగవాణ్ణి చేసేసింది. ఒక్క వాక్యంలో రెండు లింగదోషాలు. దిద్దుదామని నేను నోరు తెరిచేలోపు రిక్షా అతను నవ్వుతూ "ఆఓ ఆఓ, దస్ దస్ రుపయే" అన్నాడు. తప్పుల హిందీకి రిక్షా కదిలింది. నా ఒప్పుల హిందీకి కదల్లేదు.

సొసైటీ అంటే అపార్ట్‌మెంట్ల గుంపు. గేటు దగ్గర రిజిస్టరు ఉంటుంది. పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు, వచ్చిన పని. మన దగ్గర వీధిలోకి కొత్త మనిషి వస్తే అరుగు మీద కూర్చున్నవాళ్ళే "ఎవరింటికమ్మా" అని అడుగుతారు. అక్కడ ఆ పని రిజిస్టరు చేస్తుంది. వచ్చిన పని అన్న గడిలో ఏం రాయాలో తోచక "శుభాగమన్" అని గుండ్రంగా రాశాను. వాచ్‌మన్ అది చదివి, టీ తాగుతున్న ఇంకో వాచ్‌మన్‌కి చూపించాడు.

పార్కు: బఠాణీల మధ్య రిహార్సల్

ఢిల్లీ చలికాలంలో పది గంటలకి ఎండ రాగానే ఆడవాళ్ళందరూ పచ్చి బఠాణీ కాయలు పట్టుకుని పార్కుకి వచ్చేస్తారు. గడ్డి మీద దుప్పటి పరుచుకుని ఒలుచుకుంటూ కబుర్లు. రిహార్సల్ వాళ్ళ మధ్యే జరుగుతుంది. ఒక్క డైలాగు బాగుండకపోతే బఠాణీ తొక్క వచ్చి మీద పడుతుంది. నాకు ఎవరూ ఏమీ చెప్పకుండానే ఒక గిన్నె నా ఒళ్ళో పెట్టి, కాయలు పోశారు. నేనూ ఒలిచాను. పచ్చివే నోట్లో వేసుకుంటే చక్కెరలా ఉన్నాయి.

నాటకం కథ ఇది. యమునా నది మనిషి రూపంలో ఒక సొసైటీ గేటు దగ్గరికి వస్తుంది. అది ఒకప్పుడు తను పారిన చోటు. లోపలికి వెళ్ళి చూసుకోవాలని ఆవిడ కోరిక. వాచ్‌మన్ ఆపుతాడు. పేరేంటి, ఏ ఫ్లాటు, ఆధార్ ఉందా. అంతే కథ. నవ్వించి నవ్వించి చివర్లో గుండె పట్టేస్తుంది.

వాచ్‌మన్ వేషం బిమ్లా దీదీది. ఆవిడ ఆ సొసైటీ గోడ పక్కన బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. యాభై దాటిన మనిషి, చదువు లేదు. డైలాగులన్నీ విని నేర్చుకుంది. ఖాకీ చొక్కా వేసుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని నడిచి వస్తే వెనక్కి తిరిగి చూడాల్సిందే.

"పదకొండేళ్ళుగా ఆ గేటు దగ్గర రోజూ నా పేరు నేను చెప్పుకుంటున్నాను" అంది నాతో హిందీలో. "ఇప్పుడు అడిగే వంతు నాది."

యమున వేషం కట్టే రీనా అనే బ్యాంకు ఉద్యోగికి పొగమంచుకీ దుమ్ముకీ గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప శబ్దం లేదు. మర్నాడే ఘాజియాబాద్ సంతలో ఆట. తర్వాత ఢిల్లీలోని ధౌలా కువాన్‌లో ఒకటి. ఆదివారం ఈ పార్కులోనే అసలు ఆట. పార్కు ఇవ్వడానికి సొసైటీ సెక్రటరీ మల్హోత్రా అంకుల్‌ని ఒప్పించడానికి వీళ్ళకి ఏడాది పట్టిందట. ఆయన అప్పుడే ట్రాక్ సూట్‌లో నడుచుకుంటూ మా పక్కనుంచి వెళ్ళాడు. ఆగకుండా, వేలెత్తి, "ఏక్ ఘంటా. తీన్ సే చార్. చార్ బజే మేరీ వాక్ హై" అని చెప్పి సాగిపోయాడు. మూడు నుంచి నాలుగు దాకా ఒక్క గంటే, నాలుగింటికి ఆయన నడకట. గొడవ జరిగితే ఇంకెప్పుడూ ఇవ్వడట.

పావని నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. హోంవర్క్ చెయ్యని రోజు ఇలాగే చూసేది.

"వద్దు" అన్నాను.

"వినండి టీచరు గారండీ. అందరూ మామూలు హిందీ మాట్లాడతారు. యమున పాతకాలం మనిషి కదండీ, ఆవిడొక్కతే పుస్తకం హిందీ మాట్లాడాలి. అలా మాట్లాడే మనిషి ఈ చుట్టుపక్కల మీరు తప్ప ఎవరున్నారండీ?"

అది పొగడ్తో కాదో తేల్చుకునేలోపే నీలం చీర నా చుట్టూ చుట్టేశారు. దాని కొంగుకి ఇరవై గజాల నీలం గుడ్డ కుట్టి ఉంది. అదే నది. ముగ్గురు మోస్తే తప్ప కదలదు. ఆ సాయంత్రం నా నోరు తీపి చెయ్యడానికని రామ్‌లడ్డూలు కొనిపెట్టారు. లడ్డూ అన్నారని ఆశగా కొరికాను. పెసరపప్పు బజ్జీ! పైన ముల్లంగి కోరు, పచ్చ చట్నీ. ప్లేటు నలభై రూపాయలు. ఘాటుకి కళ్ళంట నీళ్ళొస్తుంటే బిమ్లా దీదీ "లో, యమునా జీ మేఁ పానీ ఆ గయా" అంది, యమునలోకి నీళ్ళొచ్చాయంటూ. అందరం గడ్డి మీద పడి నవ్వాం.

ఘాజియాబాద్: ఆవు, నేను

ఘాజియాబాద్ కూరగాయల సంతలో ఒక విషయం చూసి మురిసిపోయాను. మన దగ్గర కూరలు కొంటే కరివేపాకు రెబ్బ ఊరికే వేస్తారు చూడండి, అక్కడ కొత్తిమీర కట్టా పచ్చిమిరపకాయలూ ఊరికే వేస్తారు. కరివేపాకు అడిగితే మాత్రం వింతగా చూస్తారు. ముల్లంగి నా మోచెయ్యంత ఉంది.

మురిపెం అక్కడితో సరి. పట్టా పరిచి డోలు కొట్టగానే వందమంది పోగయ్యారు. నేను అడుగు ముందుకేసి, "హే నగర్‌వాసియో" అని మొదలుపెట్టాను. గొంతు నా చెవులకే వినపడలేదు. ప్రతి మాటా తప్పు పోతుందేమోనని లోపల ఒకసారి సరిచూసుకుని బయటికి వదులుతున్నాను. మూడో వాక్యంలో ఎవడో "ఆంటీ సమాచార్ పఢ్ రహీ హైఁ!" అన్నాడు. ఆంటీ వార్తలు చదువుతోందట. సంతంతా ఘొల్లున నవ్వింది.

అంతలో వెనకనుంచి ఎవరో నా కొంగు లాగారు. పావనేమో, ఆపెయ్యమంటోందేమో అనుకుని తిరిగి చూస్తే ఆవు. నదిలో సగం దాని నోట్లో ఉంది. నేను లాగాను, అది లాగింది. జనం రెండు పక్షాలైపోయి కేకలు. చివరికి ఒకాయన కాలీఫ్లవర్ ఆకులు చూపిస్తే యమునను వదిలిపెట్టింది. నాటకం ఎలా పూర్తయిందో నాకు తెలీదు.

తిరిగి వచ్చే దారిలో బండి మీద కాల్చిన చిలగడదుంప కొనుక్కున్నాం. మనం బెల్లం వేసి ఉడకబెడతాం. వాళ్ళు నిప్పుల మీద కాల్చి, ముక్కలు కోసి, నిమ్మకాయ పిండి, మసాలా చల్లి దొప్పలో ఇస్తారు. "పావనీ, నేను రేపే వెళ్ళిపోతాను" అన్నాను. బిమ్లా దీదీకి తెలుగు రాదు గాని నా మొహం చదవడం వచ్చు.

"మాస్టరనీ జీ, ఒక మాట అడగనా?" అంది. "మాట్లాడేటప్పుడు మీరు ఎవరికి భయపడతారు?"

"తప్పుకి" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "నేను మాట్లాడేదంతా తప్పే అంటారు నా కోడళ్ళు. మా ఊరి మాటలట. అయినా అందరి చొక్కాలూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళకే చేరుతున్నాయి కదా?" అని, తన దొప్పలో మిగిలిన పెద్ద ముక్క తీసి నా దొప్పలో వేసింది.

నేను వెళ్ళిపోలేదు.

ధౌలా కువాన్: గోంగూర ఉన్న చోటు

శనివారం ధౌలా కువాన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు పచ్చిక మీద ఆట పెట్టించారు. అక్కడ తెలుగు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక కరీంనగర్ పిల్లాడు "మంచిగ చెయ్యున్రి మేడం, మేమున్నం గద" అన్నాడు. ఐఏఎస్‌కి చదువుతున్న కడప అమ్మాయి తన గదినుంచి గోంగూర పచ్చడి సీసా తెచ్చి, "రెండు ముద్దలు తినేసి పోండి మేడం, గొంతు తెరుచుకుంటాది" అంది. గోంగూరకీ గొంతుకీ సంబంధం నాకు తెలీదు గాని తిన్నాను.

ఢిల్లీలోనే పుట్టి పెరిగిన ఇంకో తెలుగు పిల్లతో నేను తెలుగులో మాట్లాడితే అన్నీ అర్థం చేసుకుని హిందీలో జవాబు చెబుతోంది. నేను తెలుగు, ఆ పిల్ల హిందీ. పావుగంట అలా మాట్లాడుకున్నాక నాకు హఠాత్తుగా తట్టింది. ఇంతసేపూ ఆ పిల్ల హిందీ నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతోంది! బడి పుస్తకంలో లేని మాటలు కూడా. ఆ సంతోషంలో ఆ రోజు ఆట ఎగిరి గంతేసినట్టు సాగింది. ఒక డైలాగు మర్చిపోతే నవ్వేశాను. చూసేవాళ్ళూ నవ్వారు. ఆవు లేకపోవడం కూడా కలిసొచ్చింది.

మళ్ళీ వైశాలి: ఆదివారం మూడు గంటలకి

పార్కు నిండిపోయింది. బఠాణీ ఆడవాళ్ళు ముందు వరసలో. వాళ్ళ వెనక పిల్లలు, పనివాళ్ళు, డ్యూటీ దిగిన వాచ్‌మన్లు. మల్హోత్రా అంకుల్ ఓ చెట్టు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. బిమ్లా దీదీ పొద్దున్నే తన ఇస్త్రీ బల్ల మీద ఆ ఖాకీ చొక్కాని తనే ఇస్త్రీ చేసుకుంది. కాలరు కత్తిలా ఉంది. ఇస్త్రీకి బట్టలిచ్చే ప్రతి ఇంటికీ వెళ్ళి "తప్పకుండా రావాలి" అని చెప్పి వచ్చిందట.

ఆట హాయిగా మొదలైంది. నేను గేటు దగ్గరికొచ్చాను. దీదీ రిజిస్టరు తెరిచింది.

"నామ్?"

"మైఁ యమునా హూఁ."

"యమునా కౌన్? కౌన్ సే ఫ్లాట్ మేఁ కామ్ కర్తీ హో?"

ఏ ఫ్లాట్‌లో పని చేస్తావు అని ఇస్త్రీ బిమ్లా అడిగేసరికి జనం ఫక్కున నవ్వి, ఠక్కున ఆగారు. ఆ నిశ్శబ్దం కోసమే పావని ఈ నాటకం రాసిందని నాకప్పుడు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే బ్యాండు మోగింది. పగటి పెళ్ళి. రెండు వీధుల అవతల ఉన్న కల్యాణ మండపానికి పెళ్ళికొడుకు ఊరేగింపు పార్కు గోడ పక్కనుంచే వెళ్తోంది. బాకాలు, డోళ్ళు, తలపాగాలు కట్టుకుని గెంతుతున్న మగవాళ్ళు, తెల్ల గుర్రం మీద పెళ్ళికొడుకు. ముందు పిల్లలు పరిగెత్తారు. తర్వాత వాచ్‌మన్లు. తర్వాత బఠాణీ ఆడవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళిపోయారు. నిమిషంలో పార్కు ఖాళీ. మల్హోత్రా అంకుల్ విసురుగా మా వైపు రావడం మొదలుపెట్టాడు.

నేను బిమ్లా దీదీ మొహం చూశాను. రిజిస్టరు తెరిచి పట్టుకుని, పెన్ను గాల్లో ఉంచి, అలాగే నిలబడి ఉంది. అలవాటైన మనిషిలా.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏయ్!" అని అరిచాను. "బంద్ కరో యే సబ్! జో జహాఁ హై, వహీఁ బైఠ్ జాయే!"

ఎక్కడివాళ్ళక్కడ కూర్చోండి. డెబ్భై మంది ఉన్న తొమ్మిదో తరగతి బి సెక్షన్‌ని కూర్చోబెట్టే గొంతు అది. సరిచూసుకోలేదు, వడకట్టలేదు. బాకా మధ్యలో తెగిపోయింది. డోళ్ళు ఆగాయి. పిల్లలు నేల మీద చతికిలబడ్డారు. బఠాణీ ఆడవాళ్ళు కూర్చున్నారు. తలపాగాల వాళ్ళు రోడ్డు అంచున గొంతుక్కూర్చున్నారు. మల్హోత్రా అంకుల్ దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూర్చుండిపోయాడు. మొహం మీద వేలాడే పూలదండలు పక్కకి తప్పించి, పెళ్ళికొడుకు భయంభయంగా అడిగాడు, "మైఁ భీ, మ్యామ్?" తనూ కూర్చోవాలా అని.

ఎవరైనా నవ్వేలోపే బిమ్లా దీదీ కదిలింది. చకచకా గోడ దగ్గరికి నడిచి, రిజిస్టరు ఎత్తి పట్టుకుని, గుర్రం మీది మనిషిని నిలదీసింది. "నామ్ బతాఇయే. ఫ్లాట్ నంబర్?"

"అ... అమిత్. ఫ్లాట్ తో నహీఁ హై జీ. శాదీ కర్నే జా రహా హూఁ."

పెళ్ళి చేసుకోడానికి వెళ్తున్నాడట! నవ్వులకి గుర్రం బెదిరింది. దీదీ మాత్రం నవ్వలేదు. "కాసేపు ఆగాలి" అంది హిందీలో, పెన్నుతో నన్ను చూపిస్తూ. "ఆవిడ మీకంటే ముందొచ్చింది. చాలా కాలం నుంచి నిలబడే ఉంది."

ఈ మాటలు నాటకంలో లేవు. పావని రాయలేదు, ఎవరూ నేర్పలేదు. గుర్రం మెడలో గజ్జెలు ఒకసారి మోగడం అందరికీ వినపడింది.

మిగిలింది నా ఆఖరి ప్రశ్న. "క్యా మైఁ అందర్ ఆ జాఊఁ?"

లోపలికి రానా అన్న ఆ ప్రశ్నకి, జనంలో కూర్చున్న మా వాళ్ళు ఇద్దరు రమ్మంటూ "ఆ జాఓ" అనాలి. ఆ రోజు గోడకి అటూ ఇటూ ఉన్న మూడొందల గొంతులు "ఆ జాఓ!" అని అరిచాయి. పెళ్ళికొడుకు కూడా.

తర్వాత నాకొక చక్కటి హిందీ వాక్యం ఉంది. సంధులూ సమాసాలూ ఉన్న వాక్యం. అది ఎటో ఎగిరిపోయింది. "వస్తున్నానమ్మా, వస్తున్నాను" అన్నాను, అచ్చ తెలుగులో. ఒక్కరు కూడా ఏమన్నావని అడగలేదు. ముందు వరస ఆడవాళ్ళు లేచి నీలం గుడ్డని తలల మీదకి ఎత్తుకున్నారు. ఇరవై గజాల యమున పార్కు ఈ చివర నుంచి ఆ చివరకి పారింది. ఎవరూ చెప్పకుండానే బ్యాండు వాళ్ళు అందుకున్నారు. గుడ్డ ఒక కొస పట్టుకుని పావని ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు.

నాలుగుంబావైంది. మల్హోత్రా అంకుల్ పట్టా మీదకొచ్చాడు. ఆయన గడియారం పావని మొహం ముందు పెట్టి, "నా వాక్ పాడైంది. వచ్చే నెల మీ ఆట నాలుగు నుంచి అయిదుకి పెట్టుకోండి. నేను మూడింటికే నడిచేస్తాను" అని, చేతులు వెనక్కి కట్టుకుని, బ్యాండు తాళానికి భుజాలు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

పెళ్ళింట్లో

"మా ఊరేగింపు ఆపారు కదా, ఇక మాతో రావాల్సిందే" అని పెళ్ళికొడుకు మావయ్య పట్టుబట్టాడు. వెళ్ళాం. నీలం చీరతో, బుగ్గల మీద మెరుపులతో, గుర్రం ముందు గెంతుతూ వెళ్ళాను. యాభై నాలుగేళ్ళలో వీధిలో గెంతడం అదే మొదటిసారి. నా కంటే బిమ్లా దీదీ బాగా గెంతింది. ఖాకీ చొక్కా చూసి అక్కడి కారు డ్రైవర్లు ఆవిడని నిజం సెక్యూరిటీ అనుకుని, బండ్లు ఎక్కడ పెట్టాలని అడిగారు. ఆవిడ చూపించింది కూడా.

మండపంలో వేడి వేడి జిలేబీ రబ్డీతో పెడుతున్నారు. రబ్డీ అంటే చిక్కగా మరిగించిన పాలు, మీగడ తరకలతో. నేను మూడోసారి ప్లేటు పట్టుకుని నిలబడితే, పట్టుచీరలో ఉన్న ఒక పెద్దావిడ వచ్చింది. పెళ్ళికూతురి మేనత్తట. నన్ను పై నుంచి కిందదాకా చూసి, "ఆప్ లడ్‌కే వాలోఁ మేఁ సే హైఁ?" అని అడిగింది. పెళ్ళికొడుకు తరఫా అని.

అక్కడి వాళ్ళు యమున అనరు, జమనా అంటారు. నదికి తూర్పున ఉన్న కాలనీలన్నిటికీ కలిపి జమనా పార్ అని పేరు. ఆ మాట నా నోటికి ఎప్పుడెక్కిందో నాకే తెలీదు.

"నహీఁ జీ" అన్నాను జిలేబీ నములుతూ. "మైఁ తో యహీఁ కీ హూఁ. జమనా పార్ కీ." ఇక్కడిదాన్నేనని చెప్పేశాను.

"అచ్ఛా, ఫిర్ తో అప్నీ హీ హైఁ" అంది ఆవిడ, అయితే మన మనిషేనంటూ. నా ప్లేటులో ఇంకో రెండు జిలేబీలు వేసి, రబ్డీ గిన్నె ఎత్తి పట్టుకుని, పెళ్ళికూతుర్ని చూద్దువు గాని రమ్మని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.